నాలుగు డాలర్ల పాట

మెంఫిస్ ఉడికిపోతోంది. 1953 జులై. మిసిసిపి నది మీంచి వచ్చే గాలిలో తడి ఉంది, చల్లదనం లేదు. యూనియన్ అవెన్యూలో 706వ నంబరు భవనం ముందు ఓ కుర్రాడు ఆగాడు. పద్దెనిమిదేళ్లు. నెలన్నర కిందటే హైస్కూలు చదువు ముగిసింది. జుట్టుకి నూనె దట్టంగా పట్టించాడు. చెవుల పక్కనుంచి వెంట్రుకలు బుగ్గల మీదికి దిగుతున్నాయి. చేతిలో పాత గిటారు. బోర్డు మీద 'మెంఫిస్ రికార్డింగ్ సర్వీస్' అని రాసుంది. డబ్బు కడితే చాలు, ఎవరి గొంతునైనా ప్లేటు మీదికి ఎక్కించి చేతిలో పెడతారు. రెండు వైపులకీ కలిపి నాలుగు డాలర్లు. తలుపు తోశాడు. ముందు గదిలో బల్ల దగ్గర కూర్చున్నావిడ తలెత్తింది.

ఆమె మేరియన్ కీస్కర్. మెంఫిస్ రేడియోలో అందరికీ తెలిసిన గొంతు. స్టూడియో యజమాని సామ్ ఫిలిప్స్‌కి కుడిభుజం. శనివారం రద్దీ. కుర్రాడు తన వంతు కోసం ఎదురుచూస్తున్నాడు. ఊరికే కూర్చోలేక మాట కలిపాడు. ఎవరికైనా పాటగాడు కావాలేమో కనుక్కున్నాడు.

"ఏం పాటలు పాడతావ్?" అడిగింది మేరియన్.

"అన్నీ పాడతానండీ."

"ఎవరిలా పాడతావ్?"

"నేను ఎవరిలానూ పాడనండీ."

ఇలాంటి జవాబులు ఆమె చాలా విని ఉంటుంది. ఈ మాట మాత్రం మనసులో ఉండిపోయింది. పేరడిగింది. ఎల్విస్ ప్రెస్లీ అన్నాడు.

లోపలి గది చిన్నది. గోడలకీ పైకప్పుకీ చప్పుడు మింగేసే తెల్ల పలకలు. మధ్యలో మైకు. అవతల అద్దం వెనక ప్లేటు కోసే యంత్రం. దాని మీద పది అంగుళాల అల్యూమినియం బిళ్ల, బిళ్ల మీద నల్లటి మెత్తని పూత. నిమిషానికి 78 చుట్లు. కోసే ముల్లు పూతలోకి దిగిందంటే ఇక వెనక్కి తీసుకునేది లేదు. గొంతు వణికితే ఆ వణుకే మిగులుతుంది, తీగ తప్పితే ఆ తప్పే మిగులుతుంది, అబ్బాయి ఊపిరి పీల్చుకున్న చప్పుడు సైతం పోగులా లేచే పూత కింద సన్నటి గాడిగా మారి మిగిలిపోతుంది. ముల్లు దిగింది.

మొదటి పాట 'మై హ్యాపీనెస్'. మెల్లని పాట, మెత్తని గొంతు. రాకెన్‌రోల్ ఛాయ కూడా లేదు. ప్లేటు తిరగేశారు. రెండోది ఇంక్ స్పాట్స్ బృందం పాడిన పాత విరహ గీతం. అది పొడుగు. ప్లేటు మీద చోటు తక్కువ. పాట మధ్యలో ఉండగానే జాగా అయిపోవచ్చింది. ఇక చేసేది లేక, ఇంతటితో సరి అని నోటితో చెప్పేసి ఆపేశాడు. ఆ మాట కూడా గాడిలో పడింది.

రెండో వైపు అంటించడానికి ఖాళీ లేబుల్ దొరకలేదు. ప్రిజనేర్స్ అని జైలు ఖైదీల బృందం ఒకటుంది, ఆ మధ్యే అదే స్టూడియోలో పాడింది. వాళ్ల లేబుల్ ఒకటి తీసి తిరగేసి, వెనక తెల్లభాగం మీద పాట పేరు టైపు చేసి అతికించారు. ఆ రోజు మీట నొక్కింది తనేనని మేరియన్, కాదు తనేనని సామ్ చివరిదాకా అంటూనే ఉన్నారు. ఒక్క విషయంలో మాత్రం తేడా లేదు. మేరియన్ ఓ చీటీ మీద రాసి పెట్టుకుంది, మంచి పాటగాడు, గుర్తుంచుకోవాలి అని.

అమ్మ పుట్టినరోజుకి బహుమతిగా ఆ ప్లేటు చేయించాడని తర్వాత కథ అల్లుకుంది. అమ్మ గ్లాడిస్ పుట్టినరోజు ఏప్రిల్‌లో. పాడింది జులైలో. లెక్క కుదరదు. తన గొంతు బయటికి ఎలా వినిపిస్తుందో విందామనుకున్నానని ఎల్విసే మరోసారి చెప్పాడు. పద్దెనిమిదేళ్ల పిల్లాడికి అంతకు మించిన కారణం అక్కర్లేదు.

ప్లేటు చంకలో పెట్టుకుని బయటపడ్డాడు. వినాలి. వెంటనే వినాలి. కానీ ఇంట్లో గ్రామఫోన్ లేదు.

బడిలో కలిసి చదువుకున్న స్నేహితుడి ఇంటికి నడిచాడు. ఆ నాలుగు డాలర్లు ఇచ్చింది కూడా తనేనని ఆ స్నేహితుడు తర్వాత చెప్పుకున్నాడు. అక్కడ గ్రామఫోన్ ఉంది. స్నేహితుడి నాయనమ్మ కూడా వింది. ప్లేటు తిరిగింది, పాట అయిపోయింది, కబుర్లు అయిపోయాయి, పొద్దుపోయింది, కుర్రాడు ఇంటికి బయల్దేరాడు. ప్లేటు అక్కడే ఉండిపోయింది.

మళ్లీ దాన్ని తీసుకెళ్లలేదు.

ఏడాది గడిచింది. ఎల్విస్ ఇప్పుడు కరెంటు సామాన్ల కంపెనీలో లారీ నడుపుతున్నాడు. 1954 జూన్ చివర్లో ఫోన్ మోగింది. అవతల మేరియన్. సామ్ దగ్గర ఓ కొత్త పాట ఉంది, ఆ బుగ్గమీసాల అబ్బాయి పాడగలడేమో చూద్దామని ఆమే గుర్తుచేసింది. ఆమె ఫోన్ పెట్టేలోపే నేను స్టూడియోలో ఉన్నానని ఎల్విస్ తర్వాత నవ్వుతూ చెప్పేవాడు. వెళ్లాడు. పాడాడు. పాట కుదరలేదు.

సామ్ వదల్లేదు. గిటారుకి స్కాటీ మూర్‌ని, పెద్ద బాస్‌కి బిల్ బ్లాక్‌ని జతచేశాడు. జులై 5, సోమవారం. పగలంతా ఎవరి పనులు వాళ్లు చేసుకుని రాత్రికి ముగ్గురూ చేరారు. గదిలో ఉక్క. ఒక మెల్లని పాట. మళ్లీ అదే. మళ్లీ అదే. ఎక్కడా నిప్పు అంటుకోవడం లేదు. తెల్లారితే మళ్లీ డ్యూటీలు. కాసేపు ఆగుదామన్నారు. సామ్ అద్దం వెనక తన పనిలో పడ్డాడు.

అప్పుడు ఎల్విస్ ఉన్నట్టుండి లేచాడు. గిటారు బాదుతూ, గంతులేస్తూ, ఓ పాత బ్లూస్ పాట ఎత్తుకున్నాడు. మిసిసిపి నల్లజాతి గాయకుడు ఆర్థర్ క్రుడప్ 1946లో రికార్డు చేసిన 'దట్స్ ఆల్ రైట్'. బిల్ బాస్ అందుకుని తనూ గెంతడం మొదలెట్టాడు. స్కాటీ వేళ్లు కలిపాడు. ముగ్గురూ ఆడుకుంటున్నారు, అంతే. అద్దం వెనక తలుపు తెరుచుకుంది.

"ఏం చేస్తున్నారు మీరు?" సామ్.

"ఏమో, మాకే తెలీదు."

"సరే, వెనక్కెళ్లండి. ఎక్కడ మొదలెట్టాలో చూసుకోండి. మళ్లీ వాయించండి."

ఈసారి టేపు తిరుగుతోంది.

మూడు రోజులు తిరక్కుండానే ఆ పాట రేడియోకెక్కింది. చిస్కా హోటల్లోంచి రాత్రిపూట వాగుడుకాయ డ్యూయీ ఫిలిప్స్ నడిపే కార్యక్రమం. తెల్లవాళ్లు, నల్లవాళ్లు తేడా లేకుండా ఊరంతా వినేది. పాట అయిందో లేదో ఫోన్లు. మళ్లీ వెయ్యి. మళ్లీ వేశాడు. ఏడుసార్లు వేశాడని కొందరు, పద్నాలుగని కొందరు. పాడినవాణ్ని తీసుకురా అన్నారు జనం. పాడినవాడు ఇంట్లో లేడు. సిగ్గుతో, భయంతో సినిమా హాల్లో చీకట్లో దాక్కున్నాడు. అమ్మా నాన్నా హాలుకి పరుగెత్తారు. తెర మీద బొమ్మ ఆడుతుండగా వరస వరసా వెతుక్కుంటూ నడిచారు.

రేడియో స్టూడియోలో కూర్చోబెట్టి డ్యూయీ అన్నాడు, మైకు పెట్టినప్పుడు చెప్తాలే, ఊరికే మాట్లాడు అని. ఏ బడిలో చదివావన్నాడు. హ్యూమ్స్ అన్నాడు ఎల్విస్. ఆ ఒక్క మాటతో ఊరికి తెలిసిపోయింది, పాడింది తెల్ల కుర్రాడని. ఆ రోజుల్లో బడులు వేరు, రంగులు వేరు. కాసేపయ్యాక ఎల్విస్ అడిగాడు, ఇంతకీ ఎప్పుడు మొదలెడతారని. అయిపోయింది, మైకు మొదట్నుంచీ తెరిచే ఉందన్నాడు డ్యూయీ. కుర్రాడికి చెమటలు పట్టాయి.

జులై 19న ప్లేటు బజార్లోకి వచ్చింది. పసుపు లేబుల్, సూర్యకిరణాలు, మధ్యలో కోడిపుంజు. సామ్ సొంత సన్ కంపెనీ, నంబరు 209. రెండు రకాలుగా అచ్చేశారు. ఒకటి కొత్తగా వచ్చిన చిన్న ప్లాస్టిక్ 45. రెండోది ఎప్పట్నుంచో ఉన్న లక్క ప్లేటు, 78. జేబు నిండిన కుర్రకారు 45 కొన్నారు. పాత మిషన్లున్న ఇళ్లవాళ్లు 78 కొన్నారు. పాత రాకెన్‌రోల్ ప్లేట్లు పోగేసేవాళ్లు ఇప్పుడు ఆ లక్క ప్లేటు మీదా ప్రాణం పెడతారు. పట్టు తప్పి గచ్చు మీద పడితే ముక్కలు ముక్కలైపోతుంది. అందుకే మిగిలినవి తక్కువ.

ఈ లక్క ఎక్కడిదో ఒక్క నిమిషం ఆగి చెప్పుకోవాలి. మన దేశానిదే. కుసుమ, మోదుగ, రేగు కొమ్మల మీద ఆవగింజంత పురుగు గూడు కట్టి చుట్టూ కార్చే జిగురే లక్క. ఛోటా నాగపూర్ అడవుల్లో గిరిజనులు కొమ్మల్నించి గీకి తీసేవాళ్లు. కరిగించి, రేకులుగా సాగదీసి, కలకత్తా రేవులో ఓడలకెక్కించేవాళ్లు. రాతిపొడి, మసి, నూలు పీచు కలిపి కాచి అచ్చులో నొక్కితే ప్లేటు. వాటన్నిటినీ పట్టి ఉంచేది లక్కే. రాతిపొడి కరుకుదనానికే ఉక్కు ముల్లు అరిగి గాడికి సరిపోతుంది, అందుకే ప్రతి పాటకీ ముల్లు మార్చేవాళ్లు. ఫాల్గుణంలో అమ్రాబాద్ దారిలో ఎర్రగా మండిపోయే మోదుగలు చూస్తుంటాం కదా, ఆ పురుగు బతికే చెట్లలో అదీ ఒకటి. లక్క ఇల్లు కట్టించిన దుర్యోధనుడికి అది ఇట్టే అంటుకుంటుందని తెలుసు. అది పాటని దాచగలదని అమెరికాలో గ్రామఫోన్ ప్లేటు తెచ్చిన ఎమిల్ బెర్లినర్ మనుషులు 1890ల్లో కనిపెట్టారు. రెండో ప్రపంచయుద్ధంలో మన లక్క రావడం కష్టమై, 1942 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం రికార్డు కంపెనీల వాడకాన్ని నూటికి డెబ్బై పాళ్లు కోసేసింది. పాత ప్లేట్లు తెచ్చివ్వండి, కరిగించి కొత్తవి చేస్తామని కంపెనీలు జనాన్ని బతిమాలాయి. అలా ఎన్ని పాటలు కరిగిపోయాయో.

1955 నవంబర్. సామ్ ఫిలిప్స్ తన గాయకుణ్ని ఆర్‌సీఏ కంపెనీకి 35,000 డాలర్లకు అమ్మేశాడు. ఆ తర్వాతి సంగతి లోకమంతటికీ తెలుసు. క్రుడప్ సంగతే చాలామందికి తెలీదు. తన పాటకి రావాల్సిన సొమ్ము పూర్తిగా చేతికి అందకుండానే 1974లో కన్నుమూశాడు. రాకెన్‌రోల్ కథ చెప్పేవాళ్లెవరూ ఈ అన్యాయాన్ని దాటేసి వెళ్లకూడదు.

అటు స్నేహితుడి ఇంట్లో మొదటి ప్లేటు అలాగే ఉంది. ఎల్విస్ పేరు పెరుగుతోంది. సినిమాలొచ్చాయి. సైన్యానికెళ్లొచ్చాడు. 1977 ఆగస్టులో నలభై రెండేళ్లకే పోయాడు. ఆయన మొట్టమొదటి పాట మాత్రం ఒక మామూలు సంసారి ఇనప్పెట్టెలో చీకట్లో కూర్చుంది. ఒక్కటే ప్రతి. ప్రపంచంలో ఇంకోటి లేదు. పైగా అది లక్క ప్లేటంత గట్టిది కూడా కాదు. మెత్తని పూత. ముల్లు పెట్టిన ప్రతిసారీ పాట కొంచెం కొంచెం గీసుకుపోతుంది. వింటే అరుగుతుంది. వినకపోతే ఉందో లేదో తెలీదు.

అరవై ఏళ్లు గడిచాయి. స్నేహితుడు పోయాడు. భార్యా పోయింది. ఇనప్పెట్టె వారసురాలి చేతికొచ్చింది. ఆమె నేరుగా గ్రేస్‌ల్యాండ్‌కి, ఎల్విస్ ఇంటికే, కబురు పెట్టింది.

2015 జనవరి 8. బతికుంటే ఎల్విస్‌కి ఎనభై నిండే రోజు. మెంఫిస్‌లో చలి. గ్రేస్‌ల్యాండ్‌లో వేలంపాట. ఆయన తొలి డ్రైవింగ్ లైసెన్సు దగ్గర్నుంచి చాలా వస్తువులున్నాయి. అందరి కళ్లూ ఒక్క ప్లేటు మీదే. లక్ష డాలర్లు పలకొచ్చని అంచనా. లక్ష దాటింది. రెండు లక్షలు దాటింది. హాల్లో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే ఆగిపోయారు. ఎక్కడో కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి మాత్రం ఆగలేదు. సుత్తి పడింది. రుసుములతో కలిపి 3,00,000 డాలర్లు. అప్పటి మన లెక్కలో కోటీ ఎనభై లక్షల పైమాటే. కొన్నదెవరు? పేరు చెప్పలేదు.

పోగేసేవాళ్లలో గుబులు మొదలైంది. ఏ కోటీశ్వరుడో కొని మళ్లీ ఇనప్పెట్టెలో పెడితే? గోడకి తగిలించుకుని మురిసిపోతే? ఆ ప్లేటు ఇక ఎవరి కంటా పడదు. రెండు నెలలు గడిచాయి. మార్చిలో పేరు బయటికొచ్చింది. జాక్ వైట్. వైట్ స్ట్రైప్స్ బృందం మాజీ గాయకుడు, నాష్‌విల్‌లో థర్డ్ మ్యాన్ రికార్డ్స్ సొంతదారు. పాత పాటలంటే ప్రాణమిచ్చే మనిషి. ప్లేటుని ఇనప్పెట్టెలో పెట్టలేదు. వినిపించాలనుకున్నాడు.

అంటే ముల్లు పెట్టాలి.

ఎవరు పెడతారు? నాష్‌విల్‌లో కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్ భాండాగారంలో పాత ప్లేట్లకి ప్రాణం పోసే నిపుణుడు అలాన్ స్టోకర్ ఉన్నాడు. ఆయన తండ్రి గోర్డన్ స్టోకర్ జోర్డనేర్స్ బృందం గాయకుడు, ఏళ్ల తరబడి ఎల్విస్ వెనక వంత పాడినవాడు. తండ్రి ఎవరి పక్కన నిలబడి పాడాడో, ఆ మనిషి మొట్టమొదటిసారి రికార్డు చేసిన పాట ఇప్పుడు కొడుకు చేతుల్లో ఉంది. అరవై రెండేళ్ల పూత. ఎక్కడ పొర లేచినా, ఎక్కడ ముల్లు ఎగిరినా అంతే సంగతులు. ప్లేటు తిరిగింది. ముల్లు వాలింది. చిటపట. గుయ్యిమనే గాలి. తర్వాత గిటారు తీగ మీద ఓ బెరుకు చెయ్యి, ఆ వెంటే పద్దెనిమిదేళ్ల గొంతు.

నిలిచింది.

ఆ ఏప్రిల్‌లోనే, రికార్డు దుకాణాల పండగ రోజున, పది అంగుళాల 78గానే దాన్ని మళ్లీ అచ్చేశారు. టైపు చేసిన లేబుళ్లు అచ్చం పాతవాటిలాగే పెట్టారు. నాలుగు డాలర్ల పాట అసలు రూపంలో జనంలోకి వచ్చింది.

ఇదంతా ఏడు సముద్రాల అవతలి కథ అనిపిస్తే, ఇటు కలకత్తా పక్కన డమ్‌డమ్‌కి రావాలి. అమెరికాలో 1950లు ముగిసేసరికే లక్క ప్లేట్ల పని అయిపోయింది. మన దగ్గర కాలేదు. పల్లెల్లో కరెంటు లేదు. చేత్తో కీ తిప్పే గ్రామఫోన్ మీద ప్లాస్టిక్ ప్లేటు ఆడదు. అందుకే డమ్‌డమ్‌లోని గ్రామఫోన్ కంపెనీ ఫ్యాక్టరీ 1960ల్లోనూ 78లు అచ్చేస్తూనే ఉంది. అప్పుడే ఇంగ్లండులో బీటిల్స్ తుపాను లేచింది. లోకంలో చాలాచోట్ల వాళ్ల పాటలు 45ల మీదా ఎల్పీల మీదా వింటుంటే, ఇక్కడ 'ఐ వాంట్ టు హోల్డ్ యువర్ హ్యాండ్' లాంటి పాటలు పార్లోఫోన్ లేబుల్‌తో, డీపీఈ అన్న అక్షరాల నంబర్లతో, లక్క మీద కూడా నొక్కారు. ఇవాళ లండన్‌లో, న్యూయార్క్‌లో ప్లేట్లు పోగేసేవాళ్లు ఈ ఇండియా బీటిల్స్ 78ల కోసం కళ్లల్లో ఒత్తులేసుకుని వెతుకుతున్నారు. కీ గ్రామఫోన్ ఉన్న ఏ ఊళ్లోకైనా ఆ ప్లేటు వచ్చి ఉండొచ్చు.

మనవాళ్లకి ఈ పిచ్చి తెలియంది కాదు. మద్రాసులో వి.ఎ.కె. రంగారావు గారు వేలకొద్దీ 78లు పోగేసి, మన పాత పాటల చరిత్రకి ఆధారం నిలబెట్టారు. ఆ ప్లేట్లు ఆయన ఇంట్లో చేరకపోతే తెలుగు పాటలు ఎన్నో పేర్లుగానే మిగిలేవి.

గద్వాల కోట చుట్టుపక్కల, వనపర్తి సంస్థానపు పాత వీధుల్లో, నాగర్‌కర్నూల్ పాత ఇళ్ల అటకల మీద ఇంకా తాత ముత్తాతల పెట్టెలున్నాయి. వాటి అడుగున బరువైన నల్లటి ప్లేట్లు కనిపిస్తే పాత సామాన్లవాడి తక్కెట్లో వేయకండి. నాటకాల్లో పేరుమోసిన బళ్లారి రాఘవ సంభాషణ కావచ్చు, స్థానం నరసింహారావు పాట కావచ్చు, డీపీఈ నంబరు కూడా కావచ్చు. ముందు లేబుల్‌కి ఫొటో తీయండి, నంబరు రాసి పెట్టుకోండి. స్పిరిట్‌తో మాత్రం తుడవొద్దు. వడ్రంగులు లక్క రేకుల్ని కరిగించి బల్లలకి మెరుగు పెట్టేది స్పిరిట్‌తోనే, ప్లేటు కూడా అలాగే కరుగుతుంది. మెత్తటి పొడిగుడ్డ చాలు. ఒకదాని మీద ఒకటి పేర్చకండి, పుస్తకాల్లా నిలబెట్టండి. మన పాలమూరు ఎండల్లో రేకుల గదిలో ఉంచితే వంకర తిరుగుతాయి, చల్లటి గదిలోకి మార్చండి. తుప్పు పట్టిన ముల్లుతోనూ, ఇప్పటి ఎల్పీ ముల్లుతోనూ ఆడించి చూడొద్దు. 78 గాడి వెడల్పు, దానికి సరిపడే లావుపాటి ముల్లు వేరే ఉంటుంది. అది దొరికాక ఒక్కసారి ఆడించి, ఆ ఒక్కసారే కంప్యూటర్‌లోకి ఎక్కించి భద్రం చేసుకోండి.